నీడచెట్లను పట్టు పురుగులు: గురుతులును చికిత్సయు

వరి, ప్రత్తి, మిరప, వేరుశనగ మొదలగు పైరులను పట్టు పురుగులను గూర్చి ఈ పుటలయందు తరచుగా వ్రాయుచుందుము. ఈ మాసమున పంటలెక్కకు రాని యొక యాస్తిని గూర్చి మన సభ్యులకు విన్నవింపదలచితిమి. రచ్చబండకడ రావి, చెరువుగట్టున మర్రి, కల్లముప్రక్క చింత, వాకిట వేప, బాటవెంట నిద్రగన్నేరు: వీనివలన వచ్చు లాభమును ఎవరును చిట్టాలో వ్రాసికొనరు. కాని వేసవి మధ్యాహ్నమున కాడి విప్పిన యెద్దులు నిలుచునది వీనిక్రిందనే. కూలివారు సద్దిమూట విప్పునది వీనిక్రిందనే. పెక్కు గ్రామములలో సంఘ సభ్యులు కూడి లెక్కలు వినునదియు వీనిక్రిందనే.

పైరు పోయినయెడల మరుసటి కారునకు మరల విత్తుకొనవచ్చును. నూరేండ్ల మర్రి పోయినయెడల అంతటి నీడను మన మనుమలు సయితము చూడజాలరు. అట్లయ్యును, పైరునకు పురుగు తగిలిన దినముననే మందుల దుకాణమునకు పరుగెత్తు రైతు, ఊరి చెట్టునుండి పొట్టు రాలుచున్నను కన్నెత్తి చూడడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదను సామెత యిట్టి యాస్తికి చక్కగా తగియున్నది. నీడనిచ్చునంతకాలము చెట్టు అందరిది; గాలివానకు కొమ్మ విరిగి పాకపైనో పశువుపైనో పడిననాడు అది ఎవరిదియు కాదు.

మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే. గురుతునుబట్టి పురుగును నిర్ణయించిన పిమ్మటనే చికిత్సకు పూనుకొనవలెను. ఆకును తిను పురుగు కంటికి భయంకరముగా కనబడును గాని పెద్దచెట్టును చంపుట అరుదు. మ్రానులో చేరిన పురుగు కంటికి కనబడదు గాని చెట్టును కూల్చును. ఆ పురుగునకు దారి చూపినది తరచుగా మనము చేసిన గాయమే.

చెట్టును పరీక్షించు విధము

పెద్దచెట్టును పరీక్షించుటకు యంత్రములు అక్కరలేదు. ఒక చీపురు, ఒక చిన్నకత్తి, ఒక కర్ర, రెండు మూరల ఇనుపతీగె చాలును. సాయంకాలమున చెట్టు మొదటిచుట్టు నేలను శుభ్రముగా ఊడ్చి, మరునాటి యుదయమున పోయి చూడవలెను. రాత్రి రాలిన పొట్టు ఎచ్చట పడియున్నదో దానికి నేరుగా పైభాగమున పురుగు పనిచేయుచున్నదని గ్రహింపవచ్చును. రెండు మూడు దినములు చూచినను క్రొత్తపొట్టు రాలనిచో ఆ రంధ్రము పాతది; పురుగు ఎప్పుడో వెడలిపోయినది. ఖాళీ రంధ్రమునకు మందు పెట్టుట దండుగ.

పిమ్మట మ్రానుచుట్టు తిరుగుచు మొదలునుండి చేయి యందునంతవరకు కర్రతో తట్టవలెను. గట్టిమ్రాను గట్టిగా పలుకును. లోపల తినివేయబడినచోట డొల్లశబ్దము వచ్చును. ఆకు రాలిన కొమ్మ చచ్చినదో బ్రతికియున్నదో సందేహమైనచో, కత్తిమొనతో పైబెరడును గోరంత గీకి చూడవలెను. లోపల పచ్చగను తడిగను ఉన్నచో ప్రాణమున్నది. గోధుమవన్నెతో పొడిగా నున్నచో ఆ భాగము చచ్చినది.

రాలిన పదార్థమే పురుగు పేరు చెప్పును. రంపపుపొట్టువంటి ముతకపొట్టు కుప్పగా పడినచో మ్రాను తొలుచు పురుగు. పొట్టును మలమును పట్టుదారముతో కలిసి బెరడుపై తీగెవలె అంటియున్నచో బెరడు తిను పురుగు. పిండివలె మెత్తని పొడి రాలినచో ఎండుకట్టెను తిను చిన్నపెంకుపురుగులు. అవి చెట్టును చంపినవి కావు, చచ్చిన కొమ్మను వెదకికొని వచ్చినవి. పొట్టు రాలక మ్రానుపై మట్టిపొర ప్రాకినచో చెదలు. ఆకులపై జిగటపడి, దానిపై మసివంటి నలుపు వ్యాపించి, చీమలు బారులుతీరినచో రసము పీల్చు పురుగులు.

భయపడ నక్కరలేనివి

కానుగచెట్టు ఆకులపై వ్రేళ్లవలె పొడుచుకొని వచ్చు బుడిపెలను చూచి పలువురు చెట్టు చచ్చునని భయపడుదురు. అవి కంటికి కానరాని సూక్ష్మమైన నల్లివలన కలుగు బుడిపెలు. వానివలన చెట్టు చావదు. మర్రి, రావి జాతుల లేతయాకులు ముడుచుకొనుటయు బుడిపెలు కట్టుటయు అట్టివే. వీనికి మందు కొట్టుట వలన లాభము లేదు.

గొంగళిపురుగులు ఒకమారు ఆకంతయు తినివేసినను, బలముగల పెద్దచెట్టు మరల చిగిర్చును. టేకుచెట్లు తొలకరి ఆకును పురుగునకు కోల్పోయి, కొలది వారములలో క్రొత్తయాకు తొడుగుట అడవి సమీప గ్రామములవారు ఎరిగినదే. పగటివేళ గొంగళిపురుగులు మ్రానుపై గుంపుగా చేరియున్నప్పుడు, చేతికి గోనెపట్ట చుట్టుకొని గీకి, సబ్బునీటి తొట్టిలో వేసినచో చాలును. వాని వెండ్రుకలు తగిలిన దురదయు దద్దురులును కలుగును గావున ఒట్టిచేతితో ముట్టరాదు. దివిటీతో కాల్చు వాడుకయు కొన్నిచోట్ల కలదు గాని మంట సోకిన బెరడు చచ్చి, ఆ చోటనే పిదప చెదలు చేరును.

మామిడి మొదలగు చెట్లపై ఆకులను కుట్టి గూళ్లు కట్టు ఎఱ్ఱచీమలు సయితము చెట్టునకు శత్రువులు కావు. అవి పెక్కు పురుగులను వేటాడి తినును. రసము పీల్చు పురుగులను కాపాడుచున్నట్లు కనబడినప్పుడు మాత్రమే వానిని తొలగింపవలెను.

బెరడు తిను పురుగు

మామిడి, నేరేడు, జామ, రేగు, సరుగుడు మొదలుగా ఎన్నియో చెట్లపై ఈ పురుగు కనబడును. కొమ్మలు చీలు పంగలయందు చిన్నరంధ్రము చేసికొని పగలంతయు అందులో దాగియుండును. రాత్రి వెలికి వచ్చి, పట్టుదారముతో పొట్టుతో కట్టిన చాటుక్రింద బెరడును తినును. ఆ చాటు నలుపు గోధుమవన్నె కలసిన తీగెవలె మ్రానుపై వంకరగా ప్రాకియుండును. బెరడు కొమ్మచుట్టు పూర్తిగా తినబడినచో, ఆకులలో తయారగు ఆహారము క్రిందికి దిగక ఆ కొమ్మ ఎండిపోవును.

దీనికి సంవత్సరమునకు ఒక్కటే తరము. తొలకరివేళ చిలుకలు వెలువడి బెరడు పగుళ్లలో గ్రుడ్లు పెట్టును. కావున వర్షములు వెనుకపట్టిన పిమ్మట, పురుగు ఇంకను చిన్నదిగా నున్నప్పుడే వెదకుట మేలు. చికిత్స సులభము. గట్టిచీపురుతో ఆ చాటును ఊడ్చివేసినచో రంధ్రము కనబడును. అందులో ఇనుపతీగె దూర్చి పురుగును పొడిచి చంపవలెను. తీగె అందనిచో కిరసనాయిలులో తడిపిన దూదిని రంధ్రములో కూరి, బంకమట్టితో మూసివేయవలెను. నూనె దూదిని తడుపుటకు చాలునంత మాత్రమే యుండవలెను. బెరడుపై కారినచో బెరడు మాడును. వారము దినముల పిమ్మట మరల చూడవలెను. మట్టి త్రోసికొని క్రొత్తపొట్టు వచ్చినచో పని మిగిలియున్నట్లు.

మ్రాను తొలుచు పురుగు

ఇది మరింత ప్రమాదకరము. మామిడి, పనస, బూరుగ, మర్రిజాతి వృక్షములకు వచ్చు మ్రాను తొలుచు పెంకుపురుగు రెండంగుళముల పొడవు, బూడిదవన్నె దేహము, దేహముకంటె పొడవైన మీసములు కలిగియుండును. తొలకరి వానలతో వెలువడి, బెరడు గాయములయందును పగుళ్లయందును గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వచ్చిన తెల్లని లావుపాటి పురుగు మొదట బెరడుక్రింద, పిదప మ్రానులోపల సొరంగములు చేయుచు నెలలకొలది జీవించును. పైకి కనబడునది ఒక రంధ్రము, దానినుండి కారు బంక లేక జిగురు, క్రింద పొట్టుకుప్ప. ఒక కొమ్మ ఆకులు మాత్రమే కారణము లేక పసుపుబారి రాలినచో, ఆ కొమ్మ మొదటిని వెదకవలెను.

ఇచ్చటను తీగెయే మొదటి యాయుధము. తీగె కొనను చిన్నకొక్కెమువలె వంచి సొరంగములో త్రిప్పినచో పురుగు చిక్కును, లేదా నలిగి చచ్చును. తీగె చివర తెల్లని రసము అంటినచో పని జరిగినట్లు. సొరంగము వంకరయై తీగె పోనిచో పైన చెప్పినట్లు దూదియు బంకమట్టియు వాడవలెను. పురుగును వెదకు నెపమున ఉలితో మ్రానును లోతుగా చెక్కరాదు. పురుగు చేసిన రంధ్రముకంటె ఉలి చేసిన గాయము పెద్దదగును. పూర్తిగా తొలిచివేయబడి చచ్చిన కొమ్మను తొలకరికి ముందే కోసి కాల్చివేయవలెను. అట్లు చేయక కట్టెలదొడ్డిలో పేర్చినచో, మృగశిర కార్తెలో పెంకుపురుగులు అచ్చటినుండియే వెలువడి మిగిలిన చెట్లకు పోవును.

చెదలు: పిల్లలమర్రి నేర్పిన పాఠము

చెదలు మ్రానుపై మట్టిపొర కట్టినంతమాత్రమున చెట్టు చచ్చుచున్నదని తలపరాదు. ఆరోగ్యముగల చెట్టుపై అవి తరచుగా చచ్చిన పైబెరడును మాత్రమే తినును. మట్టిపొరను గీకివేసి చూడవలెను. లోపలిబెరడు పచ్చగా నున్నచో భయము లేదు. చెదలు గాయముద్వారా చేవలోనికి పోయినచో, లేక అనావృష్టిచే చెట్టు నీరసించి వేళ్లు చచ్చినచో, అప్పుడు ప్రమాదము.

ఇందుకు మన యెదుటనే యొక యుదాహరణము కలదు. మహబూబ్‌నగరమునకు సమీపముననున్న పిల్లలమర్రి ఏడువందల యేండ్లదని ప్రతీతి. ఊడలతో విస్తరించి ఎకరములకొలది నేలను కప్పియున్నది. 2017వ సంవత్సరము డిసెంబరు మాసమున దాని పెద్దకొమ్మ యొకటి విరిగి పడెను. సందర్శకుల రాకను నిలిపి పరీక్షింపగా చెదలు మ్రానును తినివేయుచున్నట్లు తేలెను. మొదట మ్రానునకు రంధ్రములు చేసి క్లోర్‌పైరిఫాస్ అను మందు పోయగా అది నిలువక వెలికి కారిపోయెను. పిమ్మట 2018లో ఆసుపత్రులయందు రోగులకు సెలైను ఎక్కించు తీరున, పలుచన చేసిన మందును సీసాలలో నింపి, వందలకొలది సీసాలను చెట్టునకు వ్రేలాడగట్టి బొట్లుబొట్లుగా ఎక్కించిరి. దానితోపాటు వేళ్లవద్ద మందునీరు పోసిరి. బరువుకు వంగిన కొమ్మలక్రింద సిమెంటు స్తంభములు నిలిపిరి.

జనులకు జ్ఞాపకమున్నది ఆ సీసాలే. కాని రైతులు గమనింపవలసినది వేరు. వేళ్లను, మ్రానును, కొమ్మల బరువును మూడింటిని ఒక్కమారుగా చూచుకొనవలసివచ్చెను. కొమ్మ విరిగి పడువరకు చెదల సంగతి బయటపడనందున అంతటి శ్రమ కలిగెను. మట్టిపొర చారవలె ప్రాకు దినములలోనే చూచుకొన్నచో చీపురును పారయు చాలును. సీసాల చికిత్స అధికారుల పర్యవేక్షణలో ఒక ప్రసిద్ధవృక్షమునకు జరిగినది. దానిని మన యూరి చెట్టునకు సొంతముగా అనుకరింపరాదు.

మన చెట్టునకు చెదలు పట్టినచో మొదట మట్టిపొరలను గీకివేసి, మొదటిచుట్టు పడియున్న ఎండుకట్టెలు, చొప్ప, పుల్లలు తీసివేయవలెను. చెదలు ఎచ్చటినుండి వచ్చుచున్నవో మట్టిదారిని బట్టి పోయి పుట్టను కనుగొనవలెను. పుట్టను త్రవ్వి రాణిని తీసివేసినచో ఆ పుట్ట బలము తగ్గును. అంతటితో ఆగనిచో నేలలో పోయదగిన మందును, దాని మోతాదును మండల వ్యవసాయాధికారిచే వ్రాయించుకొనవలెను. బావియో చేదుబావియో ప్రక్కనున్నచో ఆ సంగతి ముందుగా ఆయనకు తెలుపవలెను. నేలలో పోసిన మందు నీటిలోనికి దిగవచ్చును.

మర్రికి మరియొక మేలు చేయవచ్చును. ఊడ నేలలో నాటుకొన్నచో అది కాలక్రమమున కొమ్మను మోయు స్తంభమగును. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి సమీపముననున్న తిమ్మమ్మ మర్రిమాను వద్ద, లేతయూడలను మట్టియెరువు నింపిన వెదురుబద్దల గొట్టములద్వారా నేలకు దింపుచున్నారు. మన గ్రామములలో పిల్లలు ఊగుటకును, పశువులు మేయుటకును ఊడలు తెగిపోవుచుండును. నాలుగూడలను కాపాడినచో నాలుగు స్తంభములు ఖర్చులేక లభించును.

పిండినల్లి, పొలుసుపురుగులు

తెల్లని దూదివలె కొమ్మలను కప్పునది పిండినల్లి. చిన్నచిప్పలవలె కొమ్మలకు అంటుకొని కదలకుండునవి పొలుసుపురుగులు. రెండును రసము పీల్చి తీయని జిగటను విడుచును. ఆ జిగటకై చీమలు వచ్చి వానిని కాపాడును. జిగటపై మసితెగులు పెరిగి ఆకు నల్లబడును. మన యటవీప్రాంతములలో మోదుగపైనను రేగుపైనను పెరుగు లక్కపురుగు సయితము ఈ జాతిదే. దానిని పంటగా పెంచి అమ్ముకొనువారును కలరు.

వీనిని అణచుటలో మనిషికంటె నేర్పరులు అక్షింతల పురుగులును సూక్ష్మమైన కందిరీగలును. ఆస్ట్రేలియానుండి కాలిఫోర్నియాకు చేరి నారింజతోటలను నాశనము చేయుచుండిన తెల్లని పొలుసుపురుగును, 1888-89లో అదే ఆస్ట్రేలియానుండి తెప్పించిన అక్షింతల పురుగు అణచివేసెను. అదే పొలుసుపురుగు 1928లో నీలగిరులయందు వాటిల్ చెట్లపై కనబడగా, అక్కడికిని ఈ అక్షింతల పురుగునే తెప్పించి విడిచిరి. ఇటీవల 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి పిండినల్లి మన దేశమున మొదటిసారి కనబడి, బొప్పాయి, మల్బరీలతోపాటు టేకునకును ప్రాకెను. 2010లో ప్యూర్టోరికోనుండి దాని శత్రువులైన కందిరీగలను తెప్పించి విడువగా, ఆ యుపద్రవము అణగెను.

ఇందువలన మనకు తెలియునది యేమనగా, నిద్రగన్నేరుపై పిండినల్లి కనబడగానే విషపుమందు చల్లినచో, మనకు ముందే పనిచేయుచున్న యీ సేవకులే చచ్చును. మొదట చీమల దారిని ఆపవలెను. మ్రానుచుట్టు జానెడు వెడల్పున మందపు కాగితమునో గుడ్డనో చుట్టి, దానిపై జిగురు పూసి, పదిపదునైదు దినములకొకమారు మార్చవలెను. జిగురును నేరుగా బెరడునకు పూయరాదు. తాకిన నేలకొమ్మలను కోసి కాల్చవలెను. చేతికందు కొమ్మలను నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బుతో కలిపి తడియునట్లు చల్లవచ్చును. మిగిలిన పైకొమ్మలను అక్షింతల పురుగులకు విడిచిపెట్టుటయే వివేకము.

వేపకొమ్మలు ఎండుట

2021వ సంవత్సరమున వర్షాకాలము చివరనుండి తెలంగాణమునందు వేపచెట్లు చివళ్లనుండి ఎండి, నిప్పు సోకినట్లు గోధుమవన్నె పొందెను. వేపయే చచ్చుచున్నదని జనులు దుఃఖించిరి. ఇందులో ఇద్దరు దోషులు కలరు. మొదటిది లేతచిగుళ్ల రసము పీల్చు నల్లి. జీడిమామిడి తోటలవారు దీనిని టీదోమ యందురు. రెండవది అట్టి చిగుళ్లలో ప్రవేశించి కొమ్మను ఎండించు శిలీంధ్రము. పెక్కు చెట్లు మరుసటి వసంతమున మరల చిగిర్చినవి. ఎండినవని తొందరపడి నరికివేసినవారు మాత్రము నీడను శాశ్వతముగా కోల్పోయిరి.

కావున వేప ఎండినట్లు కనబడినచో మొదట బెరడు గీకి చూడవలెను. పచ్చగా నున్నచో వేచియుండవలెను. చిన్నచెట్టయినచో ఎండిన చివళ్లను, పచ్చభాగము జానెడు కలిసివచ్చునట్లు కోసి కాల్చివేసి, వ్యవసాయాధికారి చెప్పిన శిలీంధ్రనాశినిని చల్లవచ్చును. ఇంటిపైకి పెరిగిన మహావృక్షమునకు చల్లుట సాధ్యము కాదు. దానికి నీరును ఎరువును ఇచ్చి బలము చేకూర్చుటయే చికిత్స. మేకలకై కొమ్మలు నరకుటను ఆ సంవత్సరము మానవలెను.

విషపుమందుల విషయమున హెచ్చరిక

ఎత్తైన చెట్టుపై మందు చల్లినయెడల అందులో కొంత చెట్టుపై, కొంత చల్లువాని ముఖముపై, కొంత ప్రక్కబావిలో పడును. మర్రికి తేనెపట్టులున్నచో ఈగలు రేగి మనుష్యులను చంపునంత ప్రమాదము కలుగును. చింతయు వేపయు పూచియున్నప్పుడు చల్లినచో మన తోటలకు ఫలదీకరణము చేయు తేనెటీగలు చచ్చును. మ్రానునకు ఎక్కించిన మందు కొమ్మకు, ఆకునకు, పూవునకు, కాయకు పోవును. మనము చింతచిగురు వండుకొందుము, వేపపూత ఉగాదిపచ్చడిలో వేసికొందుము, మేకలకు వేపమండ వేయుదుము. తినదగిన చెట్టునకు విషము ఎక్కించుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

పాతపుస్తకములలో వ్రాసిన మందులన్నియు ఇప్పుడు వాడదగినవి కావు. తొలుచు పురుగు రంధ్రములలో పోయుటకు పూర్వము చెప్పుచుండిన డైక్లోర్వాస్, వేళ్లకు వేయు ఫోరేటు గుళికలు, ఈ రెండింటి వాడుకయు మన దేశమున 2020 డిసెంబరు 31వ తేదీనుండి నిషేధింపబడినది. ఇంటిలో పాతడబ్బా మిగిలియున్నదని వాడరాదు. ధాన్యపు గోదాములలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను రంధ్రములలో పెట్టు అలవాటు మరింత ఘోరము. తేమ తగిలినంతనే అవి విషవాయువును విడుచును; దానికి విరుగుడు మందు లేదు. ఇంటిప్రక్క చెట్టున వానిని పెట్టి ప్రాణములమీదికి తెచ్చుకొనరాదు.

గాయమే వాకిలి

పురుగు ఎట్లు వచ్చినదని విచారించినచో పెక్కుమారులు మనమే సమాధానమగుదుము. ప్రకటనపలకలకై కొట్టిన మేకులు, మ్రానులోనికి కోసికొనిపోయిన ఇనుపతీగెలు, మందుకై ఒలిచిన బెరడు, మొదట పెట్టిన చెత్తమంట, మ్రానును ఒరసికొని కట్టిన సిమెంటు అరుగు, గొట్టములకై త్రవ్విన కందకములో తెగిన వేళ్లు: ఇవి అన్నియు పురుగునకు తెరిచిన వాకిళ్లు. నీరసించిన చెట్టు పురుగును ఎదిరింపలేదు.

అరుగు కట్టవలసివచ్చినచో మ్రానుచుట్టు రెండు మూడు మూరల మట్టి విడువవలెను. చెట్టు నీరుత్రాగు వేళ్లు మొదటికంటె కొమ్మల అంచుక్రిందనే హెచ్చుగా నుండును. కావున వేసవి నీరును ఎరువును అచ్చటనే ఇవ్వవలెను. ఆకులను అచ్చటనే పరచవలెను గాని మ్రానునకు ఆనించి కుప్పవేయరాదు.

కొమ్మ కోయునప్పుడు మొదట క్రిందివైపు కొంత రంపముతో కోసి, పిదప పైనుండి కోయవలెను. లేనిచో కొమ్మ జారుచు మ్రాను బెరడును చీల్చుకొనిపోవును. కోసిన గాయము శిలీంధ్రమునకు గురికాకుండ బోర్డో ముద్ద పూయవచ్చును. 1 కిలో మైలతుత్తమును 5 లీటర్ల నీటిలోను, 1 కిలో సున్నమును 5 లీటర్ల నీటిలోను వేరువేరుగా కలిపి, రెండింటిని మట్టి లేక ప్లాస్టిక్ తొట్టిలో చేర్చవలెను. ఇనుపపాత్ర పనికిరాదు. శుభ్రమైన ఇనుపకత్తిని ముంచినప్పుడు దానిపై రాగివన్నె తేలినచో మరికొంత సున్నము కలుపవలెను. చేసిన దినముననే వాడుకొనవలెను.

బోలుపడిన మ్రానును సిమెంటుతో నింపు పద్ధతి పూర్వము గొప్పదని తలపబడెను. ఇప్పుడు దానిని నిపుణులు విడిచిరి. చెట్టు గాలికి ఊగును, సిమెంటు ఊగదు. రెంటినడుమ నీరు నిలిచి కుళ్లు హెచ్చును. బోలును శుభ్రపరచి, బరువుకొమ్మలను తేలికపరచి, అవసరమైనచో ఆసరాస్తంభము నిలుపుటయే మేలు. ఇట్టి పనులకు చెట్లెక్కుటలో నేర్పరులను మోకులతో ఎక్కింపవలెను. విద్యుత్తీగెలు సమీపమున నున్నచో ముందుగా విద్యుచ్ఛాఖవారిచే సరఫరా నిలిపింపవలెను.

సంఘము చేయవలసిన పని

చెట్టు నిజముగా ప్రమాదకరమై తీయవలసినదైనను, ఒక్కని నిర్ణయముపై గొడ్డలి పట్టరాదు. 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టమును అనుసరించి అనుమతి పొందవలెను. అంతవరకు దానిక్రింద పశువులను కట్టక, పిల్లలను ఆడనీయక దడి కట్టవలెను.

ఒక్క రైతునకు నిచ్చెన లేదు, మోకు లేదు, తీరిక లేదు. సంఘమునకు ఇవి మూడును కలవు. ప్రతి సంఘమును ఒక చెట్లపుస్తకము పెట్టవలెనని మా ప్రార్థన. అందు గ్రామములోని పెద్దచెట్లకు వరుససంఖ్యలు వేసి, ఒక్కొక్క చెట్టును ఇద్దరు సభ్యులకు ఒప్పగింపవలెను. వారు సంవత్సరమునకు మూడుమారులు చూడవలెను: రోహిణి కార్తెలో తొలకరికి ముందు ఎండుకొమ్మలకై, వర్షములు వెనుకపట్టిన పిమ్మట బెరడు పురుగునకై, మాఘమాసమున చెదలకై. చూచిన దినము, కనబడిన గురుతు, చేసిన చికిత్స, ఈ మూడును రెండు పంక్తులలో వ్రాసిన చాలును. ఇనుపతీగెలు, రంపము, నిచ్చెన, మోకులు, మైలతుత్తము సంఘపు కొట్టులో నుంచవలెను. వీని వెల ఒక యెకరము మిరపకు ఒక కారులో కొట్టు మందుల ఖర్చునకు మించదు.

రాబోవు సమావేశమునకు సభ్యులు వచ్చునప్పుడు ఎవరి చెట్టు ఏదో నిర్ణయించుకొని, మరునాడే మొదళ్లు ఊడ్చి పొట్టు చూచుట మొదలిడుదురని ఆశించుచున్నాము. గురుతు చూచియు పురుగును నిర్ణయింపజాలనివారు, రాలిన పొట్టును, ఎండిన కొమ్మముక్కను, చిక్కిన పురుగును ఒక సీసాలో పెట్టి, చెట్టు పేరు వ్రాసి, మండల వ్యవసాయాధికారికి గాని సమీప కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని చూపవలెను. మందుల దుకాణమునకు పోవుటకు ముందు ఈ సీసాను తీసికొనిపోవుట మేలు.